లవ్‌లెస్ గీత, మీ చేతి కొలత

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. అమెరికాలో చేత్తో చేసే కత్తులకు పేరు తెచ్చిన పాత తరం తయారీదారులు, అంటే విలియం స్కేగల్, బో రాండల్, బాబ్ లవ్‌లెస్, బిల్ మోరన్ వంటివాళ్ళ పని చూసి, ఆ తీరులో ఒకటి చేసుకోవాలనో చేయించుకోవాలనో అనుకుంటున్నవాళ్ళ ప్రశ్నలివి. జవాబుల్లో వేడి కొలతలన్నీ సెల్సియస్ డిగ్రీల్లో ఉన్నాయి.

ప్రశ్న: లవ్‌లెస్ చేసిన డ్రాప్ పాయింట్ కత్తి ఫొటోలు చూశాను. అదే గీతతో ఇంట్లోనూ ట్రెక్కింగ్‌లోనూ వాడుకునే కత్తి చేసుకోవాలని ఉంది. ఫొటోను అసలు సైజులో ప్రింటు తీసి, ఉక్కు పట్టీకి అంటించి కోసేయవచ్చా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కోయకండి. ఫొటోలో వచ్చేది చుట్టూ ఉన్న గీత ఒక్కటే. ఆ కత్తి పనితనమంతా మందంలో ఉంది, మందం ఫొటోకు చిక్కదు. అదీగాక కొంచెం ఏటవాలుగా తీసిన ఫొటోలో పొడవు కుదించుకుపోతుంది. ప్రింటులో అలుగు సరిగ్గానే ఉన్నట్టు కనిపించి, పిడి మాత్రం అర అంగుళం పొట్టిదై కూర్చుంటుంది.

ముందు ఆ గీత అలా ఎందుకుందో చూడండి. లవ్‌లెస్ (1929–2010) దాన్ని వేట కత్తిగా గీశాడు. వెన్ను మొన వైపు మెల్లగా కిందికి దిగుతుంది, మొన అలుగు నడిమి గీతకు దగ్గరగా వచ్చి ఆగుతుంది. జంతువు పొట్ట తోలు చీరేటప్పుడు మొన లోపలి పేగులకు గుచ్చుకోకూడదు, అందుకు ఆ దిగుడు. వెన్ను మీద బొటనవేలు ఆనే చోట గాట్లు తడి చేయి జారకుండా ఉండటానికి. అలుగు మూడున్నర, నాలుగు అంగుళాలు దాటకపోవడానికి కారణం, లోపల కంటికి కనపడని చోట చూపుడువేలితో మొనను నడపాల్సి రావడం.

మన దేశంలో వన్యప్రాణి చట్టం ప్రకారం వేట మాటే లేదు. కాబట్టి మీ కత్తి ఏ పని చేస్తుందో ముందు కాగితం మీద రాసుకోండి. చేతిలో పట్టుకుని పండు కోయడం, తాడు తెంచడం, వెదురు చెక్కడం, చేప శుభ్రం చేయడం లాంటివైతే లవ్‌లెస్ గీత దాదాపు ఉన్నదున్నట్టు పనికొస్తుంది. పీట మీద కూరగాయలు తరగాలంటే మాత్రం పనికిరాదు. ఆ కత్తి వాదర పిడి అడుగుకు ఇంచుమించు సమానంగా ఉంటుంది, అలుగు కింద వేళ్ళకు చోటుండదు, ప్రతి కోతకూ కణుపులు పీటకు తగులుతాయి. పీట పని కూడా కావాలంటే వాదర మడమను పిడి అడుగుకన్నా కనీసం 10–12 మి.మీ. కిందికి దించాలి. అలా దించితే అది లవ్‌లెస్ కత్తిలా కనిపించదు. ఫరవాలేదు, వెన్ను దిగుడును, పిడి వంపును ఆయన దగ్గర తీసుకోండి, మడమను మీ వంటింటి నుంచి తీసుకోండి.

మందం సంగతి. ఆ వేట కత్తుల అలుగు పిడి దగ్గర 4 మి.మీ. పైచిలుకు ఉంటుంది. ఎముక కీళ్ళ దగ్గర ఒత్తిడికి అది అవసరం. అంత మందంతో క్యారెట్ కోస్తే కోత పడకముందే పగులుతుంది. మీరు చెప్పిన రెండు పనులకూ కలిపి మేమైతే ఇలా గీస్తాం: అలుగు పొడవు 105–110 మి.మీ., వెడల్పు 28, వెన్ను మందం 2.5 నుంచి 3, సాన పట్టడానికి ముందు వాదర వెనక మందం 0.3–0.4, సాన కోణం ఒక్కో వైపు 17–18 డిగ్రీలు. ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యమైన అంకె ఆ 0.3. వెన్ను మందం ఎంతున్నా, వాదర వెనక 0.8 మిగిలిపోతే ఎంత సాన పట్టినా కత్తి గీరుతుందే తప్ప కోయదు. కొత్తవాళ్ళు చేసిన కత్తుల్లో పదింట తొమ్మిదింటి లోపం ఇదే.

పిడి కొలత మీ చేతి నుంచి రావాలి. నాలుగు వేళ్ళూ దగ్గరగా చేర్చి కణుపుల దగ్గర అడ్డంగా కొలవండి, దానికి 22–25 మి.మీ. కలపండి. 85 వచ్చినవాళ్ళకు పిడి 110 దాకా ఉండాలి. మందం ముందు భాగంలో 15–16, అరచేతి నడుమ 20–21, వెనక మళ్ళీ 17–18. ఈ సన్నం, ఉబ్బు, సన్నం వరసే లవ్‌లెస్ పిడిని చేతికి అతికించేది. గుండ్రంగా చేయకండి, చీకట్లో వాదర ఎటుందో చేతికి తెలియదు. అడ్డుకోత కోడిగుడ్డు ఆకారంలో, సన్నటి వైపు వెన్నుకు ఉండాలి.

ఇక పని వరస. గ్రాఫ్ కాగితం మీద గీసి, 3 మి.మీ. ప్లైవుడ్ మీద అంటించి కోయండి. పిడి భాగానికి రెండు వైపులా చెక్క అతికించి, ఆకురాయితో రూపు తెచ్చి, ఆ చెక్క కత్తిని కొన్ని రోజులు చేతిలో ఆడించండి. చేతికి నూనె రాసుకుని ఒకసారి, చన్నీళ్ళలో తడిపి ఒకసారి పట్టుకుని చూడండి. చిటికెనవేలు జారితే వెనక మందం చాలలేదు. చూపుడువేలి పక్క నొప్పి పెడితే ముందు పదును మూలలున్నాయి. మార్పులన్నీ చెక్కలో అయిపోయాకే ఉక్కు జోలికి వెళ్ళాలి.

టాంగ్ గురించి కూడా చెప్పాలి, అంటే పిడి లోపలికి వెళ్ళే ఉక్కు గురించి. లవ్‌లెస్ దాన్ని పిడి పొడవునా ఉంచి, వెనక్కి పోయేకొద్దీ పలచన చేశాడు. అందానికని చాలామంది అనుకుంటారు. లెక్క చూడండి: 110 పొడవు, 25 వెడల్పు, 4 మందం ఉన్న టాంగ్ దాదాపు 86 గ్రాములు. వెనక చివర 1.6కు దింపితే 60కి వస్తుంది. తగ్గిన ఆ పాతిక గ్రాముల్లో ఎక్కువ భాగం పిడి చివరనే తగ్గడంతో తూకం చూపుడువేలి దగ్గరికి జరుగుతుంది. అయితే ఇది మొదటి కత్తికి పెట్టుకోవాల్సిన పని కాదు. టాంగ్ పలచనైతే రెండు పిడి చెక్కలూ ఒకదానికొకటి కోణంలో ఉంటాయి. ఆ సంగతి మరిచి నేరుగా డ్రిల్లు వేస్తే రెండు వైపుల కన్నాలూ కలవవు, పిన్ను దూరదు. టాంగ్ కన్నాలను పలచన చేయకముందే వేసుకోవాలి. చెక్కకు కన్నం వేసేటప్పుడు చెక్క కింద, టాంగ్ పైన ఉంచి, వెనక చివర చెక్క కింద 1.2 మి.మీ. రేకు ముక్క పెట్టాలి. 4కు, 1.6కు ఉన్న తేడాలో అది సగం. 3 మి.మీ. పట్టీతో మొదలుపెట్టేవాళ్ళు టాంగ్‌లో నాలుగైదు 8 మి.మీ. కన్నాలు వేస్తే బరువు చాలావరకు తగ్గుతుంది.

అలుగుకు ఆయన వాడిన లోతు గ్రైండింగ్, అంటే చక్రం అంచున లోపలికి గుంటలా తీసేది, ఇంట్లో మామూలు బెంచి గ్రైండర్ మీద ప్రయత్నించకండి. 20 మి.మీ. ఎత్తు వాలుకు 250 మి.మీ. చక్రం ఒక్కో వైపు 0.4 లోతు తీస్తుంది, 125 మి.మీ. చక్రం 0.8 తీస్తుంది. రెండు వైపులా కలిపి 1.6 పోతే 2.5 మి.మీ. పట్టీలో ఏం మిగులుతుంది? ఆకురాయితో చదును వాలు తీసుకోండి, పీట పనికి అదే మెరుగు.

ప్రశ్న: లవ్‌లెస్ వాడిన 154 సీఎం ఉక్కు మన దగ్గర దొరకడం లేదు. లారీ కమాను పట్టీతో చేయవచ్చా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: చేయవచ్చు, అందులో చిన్నతనమేమీ లేదు. లవ్‌లెస్ మొదటి కత్తే పాత ప్యాకర్డ్ కారు స్ప్రింగుతో చేసింది. ఓడల్లో పనిచేసే రోజుల్లో, 1950ల మొదట్లో, న్యూయార్క్‌లోని అబర్‌క్రోంబీ అండ్ ఫిచ్ దుకాణానికి రాండల్ కత్తి కొనడానికి వెళితే నెలల తరబడి ఆగాలన్నారు. దాంతో తానే చేసుకున్నాడు, తర్వాత అదే దుకాణానికి అమ్మాడు.

మన కమాను పట్టీలు ఎక్కువగా ఈఎన్ 45 జాతివి. కార్బన్ 0.5–0.6 శాతం, సిలికాన్ 1.5–2 శాతం. దెబ్బకు తట్టుకుంటుంది, కొలిమిలో చేసే చిన్న పొరపాట్లను క్షమిస్తుంది, గట్టితనం 56–58 హెచ్‌ఆర్‌సి (రాక్‌వెల్ గట్టితనం కొలత) దాకా వస్తుంది. కొబ్బరి బొండాం కొట్టే కత్తికి, క్యాంపు కత్తికి బాగుంటుంది. సన్నటి వాదర ఎక్కువ కాలం నిలవాలంటే కార్బన్ చాలదు. వాడి తీసేసిన పట్టీ మాత్రం కొనకండి. ఏళ్ళ తరబడి వంగి లేచిన ఉక్కులో కంటికి కనపడని చీలికలుంటాయి, గట్టిపరచడానికి కాల్చి నూనెలో ముంచిన క్షణాన అవి బయటపడతాయి. మీ ఆటోనగర్‌లో కమాను కట్టలు చేసేచోట కొత్త పట్టీ తుంపులు అడగండి.

సన్నటి వాదరకు ఈఎన్ 31 మంచిది. బేరింగ్ ఉక్కు, కార్బన్ 1 శాతం చుట్టుపక్కల, క్రోమియం ఒకటిన్నర శాతం లోపు, ఉక్కు దుకాణాల్లో తేలిగ్గా దొరుకుతుంది. తుప్పు పడుతుంది, కోసినాక తుడిచి పెట్టాలి.

154 సీఎం గురించి ఒక మాట. 1970ల మొదట్లో కత్తుల లోకానికి దాన్ని తెచ్చింది లవ్‌లెస్సే, తర్వాత దానికి జోడైన జపాన్ ఉక్కు ఏటీఎస్ 34 వాడాడు. కార్బన్ 1.05, క్రోమియం 14, మాలిబ్డినం 4 శాతం. ఇప్పుడు స్వీడన్‌లో తయారయ్యే ఆర్‌డబ్ల్యూఎల్ 34 అనే, లోహపు పొడితో చేసే ఉక్కు పేరులోని అక్షరాలు ఆయన అసలు పేరు రాబర్ట్ డబ్ల్యూ. లవ్‌లెస్‌కు పొడి అక్షరాలే. ఈ రకాలు దొరికినా బొగ్గు కొలిమిలో లొంగవు. 1050 డిగ్రీల పైన, గాలి తగలకుండా, కచ్చితంగా అరగంట నిలపాలి. స్టెయిన్‌లెస్ మీద మనసుంటే 440 సీ తీసుకుని, కన్నాలన్నీ వేసి, వాదర దగ్గర 0.6 మి.మీ. ఉంచి, వాక్యూమ్ ఫర్నేసు ఉన్నచోటికి పంపండి. 58–59 హెచ్‌ఆర్‌సి కావాలని కాగితం మీద రాసివ్వండి. నోటిమాటగా చెబితే వాళ్ళు ఫ్యాక్టరీ అచ్చులకు (డైలకు) ఇచ్చే గట్టితనమే ఇచ్చి పంపుతారు.

ప్రశ్న: ఈఎన్ 31తో మూడు కత్తులు చేశాను. ఒకటి నూనెలో పెట్టగానే టింగుమని పగిలింది, ఒకటి అరటికాయలా వంగింది, మూడోది గట్టిపడనే లేదు, ఆకురాయి దిగిపోతోంది. ఎక్కడ తప్పు? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మూడూ మూడు వేర్వేరు తప్పులు.

పగిలిన ముక్క విరుగు చూడండి. గింజ గరుకుగా, మెరుస్తూ ఉంటే ఎక్కువ కాల్చారు. బూడిదరంగులో నున్నగా ఉంటే వేడి సరే, పగులు మరెక్కడో మొదలైంది. పిడి, అలుగు కలిసే లోపలి మూల ఆకురాయి అంచుతో తీసినంత పదునుగా ఉన్నా, 60 నంబరు సానకాగితం (నంబరు పెరిగేకొద్దీ నునుపు) గీతలు అలుగుకు అడ్డంగా మిగిలినా, వాదర అప్పటికే కాగితమంత పలచనైనా పగులుతుంది. మూలలకు కనీసం 2 మి.మీ. గుండ్రం ఇవ్వండి. గీతలు 180 నంబరు దాకా నున్నగా తీసి, చివరి గీతలు పొడవునా ఉండేలా చూడండి. వాదర దగ్గర 0.6–0.8 వదలండి. నీళ్ళలో గానీ ముంచి ఉంటే ఇదంతా వెతకనక్కర్లేదు, ఈఎన్ 31 నీళ్ళకు ఓర్చుకోదు.

వంగడం సాధారణంగా గ్రైండింగులోనే మొదలవుతుంది. ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ తీసిన అలుగు చల్లారేటప్పుడు పలచని వైపు ముందు గట్టిపడి లాగుతుంది. వెన్ను నడిమధ్య గీత గీసుకుని రెండు వైపులా కాలిపర్‌తో కొలుస్తూ తీయాలి. రెండో కారణం ముంచే తీరు. మొన కిందికి, నిలువుగా దించాలి. లోపల కదిపితే వాదర, వెన్ను దిశలో కదపాలి, పక్కలకు ఊపకూడదు. వంగినా కంగారు పడొద్దు. నూనె నుంచి తీసిన మొదటి నిమిషంలో, చేయి పెట్టలేనంత వేడి ఉన్నప్పుడే, ఉక్కు ఇంకా లొంగుతుంది. తోలు గ్లవుజులతో సరిచేసి రెండు మందపాటి అల్యూమినియం పలకల మధ్య వైసులో బిగించేయండి. అది దాటిపోతే టెంపరింగ్‌లో, అంటే గట్టిపడిన ఉక్కు పెళుసు తగ్గడానికి తక్కువ వేడిలో మళ్ళీ కాల్చేటప్పుడు, సరిచేయాలి. వంపు ఉన్న చోట అవతలి వైపు రేకు పెట్టి, వంగిన దానికన్నా కొద్దిగా ఎక్కువ వ్యతిరేకంగా బిగించి ఓవెన్‌లో పెట్టండి.

మూడోదానికి ఓపిక చాలలేదు. అయస్కాంతం అంటడం ఆగేది 770 దగ్గర. చాలామంది అక్కడే తీసి ముంచేస్తారు. ఈఎన్ 31కు 830–840 కావాలి, ఆ వేడిలో ఎనిమిది, పది నిమిషాలు నిలవాలి, లేకపోతే దానిలోని క్రోమియం కార్బైడ్లు కరగవు, కార్బన్ విడుదల కాదు. కొలిమిలో అంతసేపు అదే వేడి నిలపడం కష్టం, చిన్న మఫుల్ ఫర్నేసు (మంట నేరుగా తగలకుండా కాల్చే మూసిన కొలిమి) ఉన్నవాళ్ళ దగ్గర అద్దెకు కాల్చుకోండి. నూనె కనీసం 4 లీటర్లు, ముందే 50–60 డిగ్రీలకు వేడిచేసి ఉండాలి. చల్లటి నూనె చిక్కగా ఉండి నెమ్మదిగా చల్లారుస్తుంది. వాడేసిన ఇంజను నూనె పొగ విషం, వద్దు. ఇనుప డబ్బా, దానికి ఇనుప మూత దగ్గర పెట్టుకోండి. వేడి ఉక్కు సగం ముంచి ఆగితే నూనె పైన మంట లేస్తుంది.

అయితే తీర్పు చెప్పేముందు ఒకసారి పైపొర 0.2 మి.మీ. గీకి మళ్ళీ ఆకురాయి పెట్టి చూడండి. మంటలో కార్బన్ పోయిన పైపొర మెత్తగా ఉండి, లోపల ఉక్కు గట్టిగానే ఉండటం మామూలే. గట్టిపడితే ఆలస్యం చేయకుండా 200 డిగ్రీల వద్ద రెండు గంటల చొప్పున రెండుసార్లు టెంపరింగ్ చేయండి. రాత్రంతా అలాగే వదిలేసిన అలుగులు తెల్లారేసరికి వాటంతట అవే పగిలిన సందర్భాలున్నాయి.

ప్రశ్న: స్కేగల్ కత్తుల్లా తోలు బిళ్ళలు, చివర జింక కొమ్ము ఉన్న పిడి చేయాలనుంది. మా తాతగారి నాటి కణితి (సాంబార్ జింక) కొమ్ము ఇంట్లో ఉంది. వాడవచ్చా? – ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: ముందు కొమ్ము సంగతి. వద్దు. కణితి, దుప్పి కొమ్ములు అడవిలో వాటంతట అవి రాలినవైనా ఏరి తెచ్చుకోవడం, కొనడం, అమ్మడం వన్యప్రాణి చట్టం కింద నేరం. పాతవి ఇంట్లో ఉన్నవాళ్ళు ప్రకటించుకోవడానికి 2003లో ప్రభుత్వం గడువిచ్చింది. అప్పుడు తీసుకున్న పత్రం మీ దగ్గర లేకపోతే దాన్ని కోయడం కాదు, అటవీ అధికారులతో మాట్లాడటం మొదటి పని. పత్రం ఉన్నా కత్తి పిడిగా మార్చి చేతులు మార్చడం కుదరదు. ఒకప్పుడు అమెరికా, ఇంగ్లండ్ కత్తుల పిడులకు వాడిన కొమ్ములో పెద్ద వాటా మన దేశపు కణితిదే. 1990ల చివర ఎగుమతి ఆగిపోయాక అక్కడివాళ్ళూ వేరే దారులు వెతుక్కున్నారు.

గేదె కొమ్ము చివరి గట్టి భాగం మీకు సరిపోతుంది. నలుపు, మెరుగు బాగా వస్తుంది. పచ్చిది వాడితే ఎండాకాలంలో కుంచించుకుని పొరలు విడుతుంది, కనీసం ఏడాది నీడలో ఎండినది తీసుకోండి. గ్రైండ్ చేసేటప్పుడు వేడెక్కితే పగుళ్ళు పాకుతాయి, ప్రతి రెండు మూడు సెకన్లకూ నీళ్ళలో ముంచండి. ఆ పొడి ఊపిరితిత్తులకు చెడు, మాస్కు తప్పనిసరి. చెక్క ఇష్టమైతే తుమ్మ చేవ, చింత చేవ ఉన్నాయి. తుమ్మ మన పనిముట్ల పిడులకు ఎప్పటినుంచో వాడుతున్నదే.

మిషిగన్‌లో పనిచేసిన స్కేగల్ (1873–1963) పిడి నిర్మాణం ఇలా ఉంటుంది: గార్డు (వేళ్ళు అలుగు మీదికి జారకుండా అడ్డు), పలచని ఇత్తడి, ఫైబర్ బిళ్ళలు, తోలు బిళ్ళల దొంతర, మళ్ళీ పలచని బిళ్ళలు, చివర కొమ్ము. టాంగ్ సన్నగా లోపల దాక్కుంటుంది. 9–10 మి.మీ. వెడల్పు ఉంచి, అలుగుతో కలిసే భుజాల దగ్గర గుండ్రం ఇవ్వండి, విరిగే చోటు అదే. చివర ఎం 6 మర కడ్డీ వెల్డింగ్ చేయించి, ఆ వెల్డింగ్ చోటును మళ్ళీ కాల్చి నెమ్మదిగా చల్లార్చండి. ఈ సమయంలో అలుగును తడిగుడ్డలో చుట్టి ఉంచాలి.

100 మి.మీ. పిడిలో తోలు భాగం 70 అనుకోండి. 3.5 మి.మీ. తోలు బిళ్ళలు బిగించాక 3కు వస్తాయి, కాబట్టి 23, 24 బిళ్ళలు. నాలుగైదు ఎక్కువ కోసి పెట్టుకోండి, బిగించేకొద్దీ తోలు దిగుతూనే ఉంటుంది. క్రోమ్ తోలు, అంటే క్రోమియం లవణాలతో పదును చేసినది, వద్దు. చెట్ల బెరడుతో పదును చేసిన తోలే కావాలి. దక్షిణాదిలో ఆ పనికి వాడిన బెరళ్ళలో తంగేడు ఒకటి. ప్రతి బిళ్ళకూ 24 గంటల ఎపాక్సీ పలచగా రాసి ఎక్కించి, నట్టుతో బిగించి, ఒక రోజు ఆగి మళ్ళీ పావు తిప్పు బిగించండి. ఐదు నిమిషాల ఎపాక్సీతో చేసినవి వానాకాలానికి ఊడతాయి. రూపు తెచ్చాక అవిసె నూనె, తేనెమైనం కలిపి వేడిగా పట్టించాలి.

ఈ పిడి అందమైనదే గానీ తడికి శత్రువు. చేపలు కోసే కత్తికి పెట్టకండి.

ప్రశ్న: లవ్‌లెస్ పిడుల్లో ఉక్కుకూ పిడి పలకకూ మధ్య ఎర్ర గీత ఎందుకు? – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అది ఎర్ర ఫైబర్ లైనర్, మందం మిల్లీమీటరుకు లోపే. అందం ఒకటి, పిడి పలకకూ ఉక్కుకూ మధ్య చిన్న ఎగుడుదిగుళ్ళను పూరించడం మరొకటి. మీ తీరంలో అది తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది, రెండేళ్ళలో వేలికి గీత తగులుతుంది. ఎర్ర జీ 10 షీటు (గాజు పీచు, ఎపాక్సీ కలిపి చేసే పలక) వాడండి, అదే రంగు, తేమకు కదలదు. పిడికి ఆకుపచ్చ కాన్వాస్ మైకార్టా (జిగురు పట్టించి గట్టిపరచిన గుడ్డ పలక) పెడితే తడి చేతిలో పట్టు ఇంకా బాగుంటుంది. దాన్ని 400 నంబరు దగ్గర ఆపేయండి, మెరుగు పెడితే జారుతుంది.

ప్రశ్న: బిల్ మోరన్ డమాస్కస్ (అలల్లాంటి గీతలున్న ఉక్కు) కత్తులకు మన కోనసముద్రం ఉక్కే మూలమని ఒకచోట చదివాను. నిజమేనా? ఆన్‌లైన్‌లో చవకగా వచ్చే డమాస్కస్ పట్టీతో కత్తి చేసుకోవచ్చా? – ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: పేరు కలిసింది, ఉక్కు వేరు. మీ జిల్లా కోనసముద్రంలో చేసింది మూసలో కరిగించిన ఉక్కు. ఇనుమును, బొగ్గునిచ్చే పదార్థాలను మూసలో మూసి, చాలాసేపు కాల్చి, నెమ్మదిగా చల్లార్చి ముద్దలు తీసేవారు. కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. ఆ విధానం మీద హెన్రీ వాయ్‌సీ రాసిన వివరణ 1832లో అచ్చయింది. ఆ ముద్దను తక్కువ వేడిలో ఓపికగా సాగదీస్తే లోపలి కార్బైడ్లు వరసలు కట్టి నీటి అలల్లాంటి రూపు వస్తుంది. ఆ వరసలకు వెనేడియం వంటి మూలకాలు అతి స్వల్పంగా ఉండటమే కారణమని 1990ల్లో వెర్‌హోవెన్ అనే లోహ శాస్త్రవేత్త, పెండ్రే అనే కమ్మరి కలిసి చేసి చూపించారు.

మోరన్ (1925–2006) 1973లో కన్సాస్ సిటీ ప్రదర్శనలో పెట్టింది రెండు రకాల ఉక్కు పొరలను కొలిమిలో అతికించి మడిచినది. అమెరికాలో ఆ పనికి మళ్ళీ ఊపిరి పోసింది ఆయనే, కొలిమి పని నేర్పే అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ 1976లో మొదలైంది కూడా ఆయన చొరవతోనే. ఆ సంస్థ మొదటి పరీక్షలో కత్తి వేలాడే అంగుళం తాడును ఒక్క వేటుకు తెంచాలి, రెండంగుళాల మందం, నాలుగంగుళాల వెడల్పు ఉన్న చెక్కను రెండుసార్లు నరకాలి, ఆ తర్వాత కూడా చేతి వెంట్రుకలు గొరగాలి, చివర విరగకుండా 90 డిగ్రీలు వంగాలి. ఆ పరీక్షకు తెచ్చే అలుగు డమాస్కస్‌ది కాదు, మామూలు కార్బన్ ఉక్కుది. మంచి కోతకు గీతలు అక్కర్లేదని దీన్నిబట్టే తెలుస్తుంది.

చవక పట్టీలో ఏ ఉక్కులు కలిశాయో రాసి ఉండకపోతే కొనకండి. ఏ వేడిలో ముంచాలో తెలియని పట్టీకి గట్టితనం పెట్టలేం. వాటిలో కొన్ని ఒక పొర గట్టిపడి రెండోది మెత్తగానే ఉండిపోయేవి. 1095, 15ఎన్20 కలిపినదని రాసి ఉంటే నమ్మవచ్చు, రెండూ ఇంచుమించు 800–815 డిగ్రీల వద్ద గట్టిపడతాయి. 15ఎన్20లోని 2 శాతం నికెల్ వల్ల ఆ పొర తెల్లగా నిలుస్తుంది. పొరలు 150–250 మధ్య ఉంటే గీత స్పష్టంగా ఉంటుంది, మరీ ఎక్కువైతే దూరానికి ఒట్టి బూడిదరంగే. గీత తేల్చడానికి ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరికే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం ఒక వంతు, నీళ్ళు నాలుగు వంతులు, పది నిమిషాలు. తర్వాత వంటసోడా నీళ్ళలో ముంచాలి, లేకపోతే రెండు రోజుల్లో తుప్పు ఎర్రగా పొంగుతుంది. గట్టిపరచకముందు ఈ పని చేస్తే శ్రమ వృథా.

ప్రశ్న: ఇక్కడి తయారీదారు ఒకరికి లవ్‌లెస్ తరహా కత్తి ఆర్డరిద్దామనుకుంటున్నాను. అచ్చంగా అలాగే చేయమనడం తప్పా? ఆర్డర్‌లో ఏమేం రాయాలి? ఇండియాకు తెచ్చుకోవచ్చా? – ఒక పాఠకుడు, డాలస్

జవాబు: గీత తీసుకోవడం తప్పు కాదు. ఈ వంశమంతా అలాగే నడిచింది. 1930ల్లో మిషిగన్‌లో ఒకతను పడవ రంగు గీకుతున్న స్కేగల్ కత్తి చూసి బో రాండల్ కత్తుల్లోకి వచ్చాడు. రాండల్ కత్తి దొరక్క లవ్‌లెస్ వచ్చాడు. ముగ్గురి కత్తులూ పక్కపక్కన పెడితే ఒకటి మరొకదానిలా ఉండదు. తప్పు ఎక్కడంటే, లవ్‌లెస్ ముద్రను అలుగు మీద వేయించుకోవడంలో. లవ్‌లెస్ నకిలీలు మార్కెట్లో చాలా ఉన్నాయి, మీ కత్తి రేపు చేతులు మారితే ఆ గుంపులో చేరుతుంది. అలుగు మీద చేసినవారి ముద్రే ఉండాలి.

ఆర్డర్‌లో 'లవ్‌లెస్ తరహా' అని మాత్రం రాస్తే వచ్చేది వాళ్ళ ఊహలోని లవ్‌లెస్. చేయబోయే పనులు మూడు వాక్యాల్లో రాయండి. అలుగు పొడవు, వెన్ను మందం, వాదర వెనక మందం, ఉక్కు, హెచ్‌ఆర్‌సి అంకె, కుడి వాటమా ఎడమ వాటమా, అరచేతి వెడల్పు రాయండి. గ్రాఫ్ కాగితం మీద చేయి పెట్టి గీసిన గీతను ఫొటో తీసి పంపండి. నిగనిగలాడే మిర్రర్ పాలిష్ అడగకండి, ధర పెరుగుతుంది, మొదటి వారంలోనే గీతలు పడతాయి. 400 నంబరు సానకాగితంతో చేత్తో తెచ్చిన మసక మెరుపు (శాటిన్) చాలు. ఆ డబ్బును ఒరకు పెట్టించండి. పిడి సగం దాకా లోపలికి దిగే తోలు ఒర, వాదర వైపు కుట్ల కింద మందపాటి తోలు పట్టీ ఉండాలి, అది లేకపోతే వాదర కుట్లను తెంచేస్తుంది.

మన ఆయుధ నిబంధనల్లో 9 అంగుళాలకన్నా పొడవు లేదా 2 అంగుళాలకన్నా వెడల్పు ఉన్న అలుగులు ఇంటి పనికో వ్యవసాయానికో చేసినవి కాకపోతే ఆయుధాల జాబితాలోకి వస్తాయి. మీరడుగుతున్న నాలుగంగుళాల కత్తి ఆ కొలతల దరిదాపుల్లో లేదు. విమానంలో చెక్ ఇన్ సామానులోనే పెట్టాలి, కొన్న రసీదు పక్కనుంచండి. ఇక్కడికి చేరాక ఒరలోంచి తీసి, పలచగా మినరల్ ఆయిల్ రాసి, కాగితంలో చుట్టి దాచండి. తోలు ఒరలోనే వదిలేస్తే 154 సీఎం మీద కూడా ఒక్క వానాకాలంలో చుక్కలు పడతాయి.